అప్పలసూరి వంతు ఆదివారం

అప్పలసూరికి నలుగురిలో నోరు పెగలదు. పెళ్లి భోజనాల్లో పులుసు తన విస్తరి దాటి వెళ్లిపోతున్నా పిలవడానికి మొహమాటపడి మజ్జిగ దాకా ఓపిక పట్టే రకం. పంచాయతీలో తన తోట గట్టు గురించే తగువు నడుస్తున్నా పక్కవాడి మొహం చూస్తూ కూర్చుంటాడు. అదే మనిషి చేతిలో తను రాసిన కాగితాలు పెట్టి చదవమంటే మాత్రం వేరే మనిషైపోతాడు. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో, ఎక్కడ కాస్త ఆగి ఎదుటివాళ్లను ఊరించాలో అన్నీ తెలుసు. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది. ఆవిడ అతని భార్య వసంత.

వాళ్లది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపున్న చిన్న ఊరు. పిల్లల్లేరు. ఒక కొబ్బరితోట, గట్ల మీద నాలుగు జీడిచెట్లు, తోటలోనే పెంకుటిల్లు. తిత్లీ తుపానుకి తోటంతా నేలకొరిగితే మొగుడూ పెళ్లాం కలిసి మళ్లీ మొక్కలు పాతారు. ఆ మొక్కలు నిలదొక్కుకోకముందే వసంతకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎలా పాడయ్యాయని ఎవరూ అడగరు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని అడుగుతారు.

వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆ మంచం మీద పడుకున్న మనిషికి గంటలు గడవవు. వసంతకి చదువు రాదు కాబట్టి పక్కన స్టూలు మీద కూర్చుని అప్పలసూరి పేపరు చదివి వినిపించేవాడు. పేపరు ఎంతసేపు వస్తుంది? సినిమా ప్రకటనలు, టెండరు నోటీసులు కూడా అయిపోయాక ఒకరోజు, పేపరు మీద నుంచి కళ్లు తీయకుండానే, తనే ఒక కథ అల్లి చదువుతున్నట్టు చెప్పాడు. సంతబొమ్మాళిలో దూడ తప్పిపోయిన ముసలమ్మ కథ అది.

వసంత చివరిదాకా విని, "ఇది పేపర్లో ఉందేటి?" అంది.

"నేదు. నానే కల్పించినాను."

"మరింకేటి, పేపరు మానీసి ఇవే సెప్పు. నీ కాడ ఇంత సరుకుందని నాకు తెలీదు గదా!"

ఆ రోజు నుంచి అప్పలసూరి రచయిత. అతను చదువుతుంటే వసంత ఊకొట్టేది. మామూలుగా కొట్టేది కాదు. నచ్చితే ఒక రకంగా, అనుమానం వస్తే ఒక రకంగా, నిద్ర వస్తే ఇంకో రకంగా. ప్రతి ముక్క చివరా అతను ఆగేవాడు, ఆవిడ "ఊఁ" అనేది, అతను ముందుకు వెళ్లేవాడు. నీ పేరు అచ్చులో పడితే నాకు చూపించాలని ఆవిడ కోరిక. "నాకు సదవడం రాదు గానీ, ఎక్కడుందో సెప్తే ఏలెట్టి తడుముతాను" అనేది. ఆ వేలు తడమడానికి ఏమీ దొరక్కుండానే వసంత వెళ్లిపోయింది.

అతను రాయడం మానలేదు. పేపర్లకి పంపాడు, వారపత్రికలకి పంపాడు. బాగుందనే కాదు, బాగోలేదని కూడా ఎవరూ చెప్పలేదు. బావిలో రాయి వేస్తే కనీసం చప్పుడైనా వస్తుంది. ఇవి అలా కూడా కాదు. వేసినవి వేసినట్టు ఎటో పోయాయి.

అలాంటి రోజుల్లో కాశీబుగ్గ గ్రంథాలయం గోడ మీద ఒక కాగితం కనిపించింది. "జీడిపూలు, ఉద్దానం కథకుల వేదిక. రాసే ఆసక్తి ఉన్నవాళ్లు చేరవచ్చు" అని, కింద ఫోన్ నంబరు. ఆ నంబరు టెక్కలిలో ఉండే తారకేశ్వరరావు మాస్టారిది. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. భూములూ పలుకుబడీ ఉన్న కుటుంబం. చేతిలో బెత్తం పోయింది గానీ పది మందిని వరసలో నిలబెట్టాలన్న కోరిక పోలేదు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, వరస ఏర్పాటు చేసి, దానికి నియమాలు రాశాడు.

వారానికి ఒకరి వంతు. వంతు వచ్చినవాళ్లు తమ కథను తమ గొంతుతోనే చదివి, రికార్డు చేసి, ఆదివారం పొద్దున్నే గ్రూపులో పెట్టాలి. మిగతా సభ్యులు చీకటి పడేలోగా విని అభిప్రాయం రాయాలి. ఎవరినీ నొప్పించకూడదు. మన వాళ్లను మనమే కిందకి లాగితే ఇంక పైకి తెచ్చేదెవరని మాస్టారి వాదన. అందుకని గ్రూపులో ఇంతవరకూ బాగోలేని కథ పుట్టలేదు. ప్రతి కథకీ కళ్లు చెమర్చాయి, ప్రతి ముగింపుకీ గుండె బరువెక్కింది. ఉద్దానం యాస అయితే ఆదివారం ఆదివారం గుబాళిస్తూనే ఉంది.

అప్పలసూరి అవన్నీ నమ్మాడు. నమ్మకపోతే ఇంకేం ఉంది అతనికి? పొద్దున్న టీ పెట్టుకుని, ఆ మెచ్చుకోళ్లు మళ్లీ మళ్లీ చదువుకుని, తోటకి నీళ్లు పెట్టడానికి వెళ్లేవాడు. ఒక్క సలహా మాత్రం వచ్చింది, అదీ మాస్టారి నుంచే. "సూరీ, మధ్యమధ్యలో ఆగుతున్నావని అంటున్నారయ్యా. ఫోన్ చెడిపోయిందనుకుంటారు. ఆగకుండా చదువు." అప్పలసూరి సరేనన్నాడు గానీ ఆగడం మానలేకపోయాడు. వసంత ఊకొట్టాల్సిన ఆ చోట్లలో అతని గొంతు దానంతట అదే ఆగేది.

ఈ ఏడాది మాస్టారు ఒక పుస్తకం తలపెట్టాడు. సభ్యులు మెచ్చిన కథలన్నీ కలిపి సంకలనం. పేజీలన్నీ నిండిపోయి, ఒక్క కథకే చోటు మిగిలింది. దానికి ఇద్దరే ఉన్నారు. ఒకరు పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే పైడిరాజు, ఇంకొకరు అప్పలసూరి. పైడిరాజు వంతు ముందు ఆదివారం అయిపోయింది. అప్పలసూరి వంతు తర్వాతి ఆదివారం. అచ్చులో పేరు పడటానికి అతనికి ఇంత దగ్గరగా వచ్చిన అవకాశం ఇంతకుముందెప్పుడూ లేదు.

అతను పక్కన పెట్టుకున్న కథ పేరు "రెండో కాపు". తుపానుకి తోట పోగొట్టుకున్న రైతు మళ్లీ మొక్కలు పెడతాడు. భార్య ఆసుపత్రిలో ఉంటుంది. తోటలో మొదటి కొబ్బరి పూత వేసిన రోజునే ఆవిడ జబ్బు నయమై ఆటో దిగి ఇంటికి వస్తుంది. ఆ చివరి పేజీ రాస్తున్నప్పుడు అప్పలసూరి ఏడ్చాడు. ఏడ్చాను కాబట్టి బాగా రాసినట్టే అనుకున్నాడు.

ఆదివారం పొద్దున అరుగు మీద ఫోన్ పెట్టి, రికార్డింగు బొత్తాం నొక్కి, గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి సింహాచలమ్మ కేక వేసింది. పక్కింటి మనిషి. ఊళ్లో కబురు ఏదైనా ముందు ఆవిడ నోట్లో పడాలి, తర్వాతే ఎవరికైనా.

"సూరి మావా! గుడికెల్తన్నాను, రెండు కాయలొలిసి ఈ మావా!"

అప్పలసూరికి కాదనడం చేతకాదు. "వస్తన్నాను సింహాచలమ్మా!" అని, కాగితాలు పక్కన పెట్టి వెళ్లి గునపం మీద కాయలు ఒలిచి ఇచ్చాడు. ఆవిడ కాయలు పుచ్చుకుని వెంటనే వెళ్లే మనిషైతే ఈ కథే లేదు. ఊళ్లో ముగ్గురు నలుగురి బతుకులు విప్పి, దులిపి, మళ్లీ మడతపెట్టి అప్పుడు వెళ్లింది. అతను అరుగు మీదకి వచ్చి చూసుకుంటే కళ్లజోడు లేదు. ఇంట్లోకి వెళ్లి వెతికి తెచ్చుకున్నాడు. అప్పటికి తను బొత్తాం నొక్కిన సంగతే మర్చిపోయాడు. ఇప్పుడు నొక్కాడు, ఏదో మోగినట్టయింది. నొక్కుడు పడలేదేమోనని మళ్లీ నొక్కి చదవడం మొదలుపెట్టాడు. చక్కగా చదివాడు. చివర్లో గొంతు వణికింది, అది కూడా అందంగానే వణికింది. అయ్యాక చూస్తే ఒకే తేదీతో రెండు రికార్డింగులు ఉన్నాయి. వాటిలో ఒకటి గ్రూపులో పెట్టి తోటలోకి వెళ్లిపోయాడు. పెట్టింది మొదటిదని అతనికి తెలియదు.

మధ్యాహ్నానికి ఫోను చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది.

"కళ్లు చెమర్చాయి సూరి గారూ" అని ఒకరు. "మన మట్టి వాసన" అని ఇంకొకరు. పోటీదారుడే అయినా పైడిరాజు పెద్ద మనసుతో రాశాడు: "ముగింపు విని ఇంకా తేరుకోలేకపోతున్నాను బావా." మాస్టారు అందరికన్నా ఎక్కువ రాశాడు. ప్రకృతి వర్ణన కళ్లకు కట్టిందన్నాడు. భాష క్లుప్తంగా ఉందన్నాడు. ఇంతమంది ఏకగ్రీవంగా మెచ్చిన కథ ఇటీవల రాలేదు కాబట్టి పుస్తకంలో ఆఖరి చోటు అప్పలసూరిదేనని, బుధవారం సాయంత్రానికల్లా కథ కాగితాలు తనకి చేరాలని ప్రకటించాడు. దాని వెనకే అభినందనలు.

అప్పలసూరి అన్నం ముందు కూర్చుని కలపడం మర్చిపోయాడు. పుస్తకం. లోపల పేరు. వసంత ఉంటే ఈపాటికి ఊరంతా చెప్పొచ్చేది. తినకుండానే చెయ్యి కడుక్కుని, ఇంట్లో అటూ ఇటూ తిరిగి, ఎవరికి చెప్పాలో తెలియక మళ్లీ ఫోన్ దగ్గరికే వచ్చాడు. అప్పుడు కనిపించింది కొత్త అభిప్రాయం. సంతబొమ్మాళి నుంచి బిందు అనే టీచరమ్మాయి రాసింది. "సింహాచలమ్మ పాత్ర ఎంత సహజంగా ఉందో! మా వీధిలోనూ అచ్చం ఇలాంటావిడ ఉంది."

అతను ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "రెండో కాపు"లో సింహాచలమ్మ ఎక్కడుంది?

తన రికార్డింగు తనే నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తన దగ్గు వినిపించింది. తర్వాత "సూరి మావా!" అన్న కేక, తన జవాబు. చెప్పుల చప్పుడు దూరమైంది. కాకులు. గునపం మీద పీచు చీలుతున్న చప్పుడు. కొంచెం ముందుకి జరిపాడు. సింహాచలమ్మ ఎవరి కోడలి గురించో చెబుతోంది. ఇంకా జరిపాడు. కాకులే. ఇంక వినలేక ఆపేశాడు. కథ లేదు. ఒక్క ముక్క కూడా లేదు. బిందు మొదటి రెండు నిమిషాలైనా విన్నట్టుంది. మిగతావాళ్లు అది కూడా వినలేదు.

ముందు మొహం వేడెక్కింది. తర్వాత కోపం వచ్చింది. గ్రూపులో అందరికీ కలిపి ఒక పెద్ద మాట రాద్దామని కూర్చున్నాడు. ముగింపుకి తేరుకోలేకపోయిన పైడిరాజుని ముందుగా పట్టుకుందామనుకున్నాడు. పట్టుకోబోతుంటే ముందు ఆదివారం సంగతి గుర్తొచ్చింది. పైడిరాజు కథ మరీ సాగుతోందని మొదట్లోనే ఆపేసి, "గుండె బరువెక్కింది బావా" అని రాసిన మనిషి ఎవరు? రాసిన మాట చెరిపేసి ఫోన్ పక్కన పెట్టాడు. ఇన్నాళ్లూ టీతో పాటు తాగిన మెచ్చుకోళ్లన్నీ ఇలాంటివేనా అన్న ప్రశ్న మాత్రం చెరిగిపోలేదు. వసంత పోయాక తన కథ ఎవరూ వినలేదు. ఆ మాట తనకి తనే చెప్పుకునేసరికి, ఆ ఇల్లు అంతకుముందు కన్నా పెద్దదైనట్టూ, అందులో తను మరీ చిన్నవాడైనట్టూ అనిపించింది.

సోమవారం బస్సెక్కి టెక్కలి వెళ్లాడు. మాస్టారు వీధి గదిలో పడక్కుర్చీలో ఉన్నాడు. పైడిరాజు కూడా అక్కడే ఉన్నాడు, ఏదో పెళ్లికి వచ్చి పనిలో పనిగా మాస్టారిని చూసి పోదామని ఆగాడట. అప్పలసూరిని చూడగానే లేచి భుజం తట్టాడు.

"సూరి బావా! ఏం రాసేవయ్యా! నా కత పోయినా బాధ నేదు."

అప్పలసూరి మామూలుగా అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగాడు. "ఏ ముక్క నచ్చింది బావా?"

పైడిరాజు గుటక వేశాడు. "అదే... సివర ముక్క. ఆ బాధ. అబ్బో, ఆ బాధ మామూలు బాధ కాదు." ఇంక ఆ గదిలో గాలి చాలనట్టు, ముహూర్తం దాటిపోతోందంటూ చెప్పులు వేసుకున్నాడు.

అతను వెళ్లాక అప్పలసూరి జరిగింది జరిగినట్టు మాస్టారికి చెప్పాడు. మాస్టారు ముందుకి వంగి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక చెవి వెనక చెయ్యి దించేశాడు.

"నాకు వినబడదు సూరీ" అన్నాడు చివరికి. "రెండేళ్లయింది. మనుషులు ఎదురుగా ఉండి గట్టిగా మాట్లాడితే సరే. ఫోన్లో అయితే అంతా గాలి చప్పుడే. మిషను పెట్టుకోమన్నారు, అదీ కుదరలేదు."

"మరి ప్రతి వారం అంతంత రాస్తారు గదండి?"

"రాయకపోతే ఎవరుంటారయ్యా గ్రూపులో? ఒకరికి మెచ్చుకోలు తగ్గితే ఒకరు పోతారు. అలా అందరూ పోతే నాకు పొద్దెలా పోతుంది?" అని కిటికీలోంచి వీధి వైపు చూశాడు. అదిలించే గొంతు ఎక్కడికో పోయింది. కాసేపటికి మళ్లీ హెడ్మాస్టరై, "పోనీలే. నువ్వు చదువుదామనుకున్న కథ ఉంది కదా, అదే పంపెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నిజమే, ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చే బస్సులో అప్పలసూరి దారంతా అదే ఆలోచించాడు. దొంగతనం ఏముంది ఇందులో? కథ తనదే, పేరు తనదే. పుస్తకం వస్తుంది. అందులో పేరు ఉన్న చోట వేలు పెట్టి తనే తడుముకోవచ్చు. ఇంటికి వచ్చి "రెండో కాపు" కాగితాలు కవర్లో పెట్టి, పైన మాస్టారి చిరునామా రాసి, గోడగూట్లో నిలబెట్టాడు.

మంగళవారం పొద్దెక్కాక తోటలో ఉండగా ఫోనుకి ఒక గొంతు సందేశం వచ్చింది. గ్రూపులో కాదు, విడిగా అతనికే. తెలియని ఆడమనిషి గొంతు. వెనకాల ఏదో మిషను సన్నగా కూస్తోంది. ఆ కూత అతనికి బాగా తెలుసు. ఆ కూత పక్కన స్టూలు మీద ఎన్ని గంటలు కూర్చున్నాడో!

"నమస్కారమండి. నా పేరు పార్వతండి, మాది నందిగాం. మీ గ్రూపులో ఉన్నాను గానీ నాను రాయనండి, ఇంటానంతే. పలాసలో మంచమ్మీద పడుకున్నప్పుడు సెవులో పెట్టుకోని అందరివీ ఇంటాను. మీది మొత్తం ఇన్నానండి. మొదలు ఇదేదో కొత్త రకం కత గావాల అనుకున్నాను. సింహాచలమ్మ గారు ఎల్లేదాకా ఇన్నాను. ఆ తరవాత మీరు ఇంట్లోకెల్లి 'వసంతా, నా కళ్లజోడు సూసేవేటే?' అని పిలిసేరు. ఆవిడ పలకలేదండి. మీరూ కాసేపు ఏటీ మాటాడలేదు. అంతట్లో ఆగిపోయింది. నాకదే ఆలోసన. ఆవిడ తరవాత పలికేరా అండి? మరి కత ఎప్పుడు సదువుతారు?"

అప్పలసూరి గట్టు మీద కూర్చుండిపోయాడు. నేను పిలవలేదే అనుకున్నాడు. ఆదివారం నాటి రికార్డింగు తెరిచి, ఈసారి చిట్టచివరికి జరిపి విన్నాడు. పిలిచాడు. తన గొంతే. గుర్తొచ్చి పిలిచిన గొంతు కాదు అది, ఏడుస్తూ పిలిచింది అసలే కాదు. వంటింట్లో ఉన్న మనిషిని పిలిచినట్టు, జవాబు వస్తుందని తెలిసినట్టు, కాస్త విసుగ్గా కూడా పిలిచాడు. తర్వాత ఆగాడు. ప్రతి కథలో ఊకొట్టడానికి ఎంతసేపు ఆగుతాడో అంతసేపూ ఆగాడు. ఇంట్లో రోజూ ఇలాగే పిలుస్తున్నాడా? ఎవరు చెబుతారు, వినేవాళ్లెవరున్నారు? తోటలో ఒక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని ఆ నంబరుకి ఫోన్ చేశాడు. అతనికి అది మామూలు సంగతి కాదు.

"నాను అప్పలసూరినమ్మా. మీరు... ఇప్పుడు ఇంటారేటి?"

"సదవండి. నానెక్కడికి పోతానండి, గొట్టాలు తీసేదాకా ఇక్కడే గదా" అంది పార్వతి. నవ్వుతూనే అంది.

ఇంట్లోకి వెళ్లి కవరు చింపి కాగితాలు తీశాడు. తుపాను దగ్గర మొదలుపెట్టాడు. మొదటి ముక్క చివర గొంతు అలవాటుగా ఆగింది. ఫోన్లోంచి, ఆ మిషను కూత మీదుగా, "ఊఁ" అని వినిపించింది.

అప్పలసూరికి కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు. ముక్క ముక్కకీ ఆగాడు, ముక్క ముక్కకీ అటు నుంచి ఊకొట్టారు. ఆ ఊకొట్టడం వసంతది కాదు. ఇది సన్నగా, కాస్త నీరసంగా ఉంది. అయినా అది తనకోసం వస్తోంది, తన మాట విన్నాకే వస్తోంది. చివరి పేజీకి వచ్చాడు. కొబ్బరి పూత వేసింది, భార్య ఆటో దిగింది. అతను ఆగాడు.

ఊకొట్టలేదు.

"బాగుందండి" అంది పార్వతి కొంతసేపటికి. "ఒక మాట సెప్తే ఏటనుకోరు గదా?"

"సెప్పమ్మా."

"ఆ సివరొకటి నమ్మబుద్ది కాలేదండి. మా కాడ ఇన్ని మంచాలున్నాయి. ఇలాగ నయమైపోయి ఆటో దిగిపోయిన మనిషిని నాను ఇంతవరకూ సూళ్లేదు. మిగతాదంతా మా ఇంటి సంగతే అనిపించింది. అక్కడికొచ్చీసరికి, నాను ఇంటన్నానని నాకోసం మార్సీసేరేటి అనిపించింది."

మార్చింది నిజమే. ఈవిడ కోసం కాదు. వసంతని ఆసుపత్రికి తీసుకెళ్లిన ఆఖరిసారి, ఇంటి దగ్గర ఆటో దిగింది తనొక్కడే. ఆ సంగతి రాయలేక అలా రాశాడు. ఆ పేజీ రాస్తున్నప్పుడు ఏడుపు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్లలో అతని రాతకి వచ్చిన మొదటి అభిప్రాయం ఇదే. అది నొప్పించింది, గ్రూపు నియమాలకి పూర్తిగా విరుద్ధంగా నొప్పించింది.

బుధవారం మాస్టారికి ఫోన్ చేశాడు. ఫోన్లో వినబడదని గుర్తొచ్చి పెట్టేసి, వాట్సాప్‌లో రాశాడు: "కథ సివర సరిగ్గా నేదు మాస్టారూ. పుస్తకంలో చోటు పైడిరాజు బావకి ఇచ్చీండి." మాస్టారు దానికి మతి పోయిందా అని ఒకసారి, ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలుసా అని ఒకసారి రాశాడు. అప్పలసూరికి తెలుసు. ఇంకెప్పుడూ రాకపోవచ్చని కూడా తెలుసు. వసంత వేలు, ఆ వేలి కింద తన పేరు, ఆ బొమ్మ కళ్ల ముందు నుంచి పోలేదు. అయినా పంపలేదు. సాయంత్రానికి గ్రూపులో పైడిరాజుకి అభినందనలు మొదలయ్యాయి. అతను కూడా ఒక చప్పట్ల బొమ్మ పెట్టాడు. పెట్టే ముందు పైడిరాజు కథ మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. సాగదీత ఉన్నా, మధ్యలో జీడిపప్పు బట్టీలో పనిచేసే తల్లి గురించి ఒక చోట నిజంగానే బాగుంది. ఆ చోటు ఏదో కూడా రాశాడు. పైడిరాజు నుంచి "నిజంగా ఇన్నావా బావా?" అని వచ్చింది.

చివరి పేజీ కొట్టేసి, కొత్తగా రాయడానికి కూర్చున్నాడు. ఆటో తీసేశాడు. పూత ఉంచాడు. పూత చూసిన రైతు ఇంట్లోకి పరిగెత్తి, అలవాటు చొప్పున భార్యని పేరు పెట్టి పిలుస్తాడు. అంతే. తర్వాత ఏం రాసినా అబద్ధమే అవుతోందని అక్కడే ఆపేశాడు. ఇంతకన్నా చిన్న పేజీ అతను ఎన్నడూ రాయలేదు, ఇంత కష్టపడీ రాయలేదు.

పార్వతి మళ్లీ పలాస వచ్చే రోజు కోసం ఎదురుచూశాడు. ఆసుపత్రి రోజు కోసం ఎదురుచూడటం అతనికి కొత్త కాదు గానీ, ఇలా ఎదురుచూడటం కొత్త. పొద్దెక్కాక ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు ఆ రోజు మరీ నీరసంగా ఉంది. పోనీ తర్వాత చదవనా అంటే, వద్దు ఇప్పుడే చదవమంది. అతను చదివాడు. రైతు పూత చూశాడు, ఇంట్లోకి పరిగెత్తాడు, పిలిచాడు. కాగితం అయిపోయింది. అప్పలసూరి ఆగాడు.

ఊకొట్టలేదు. మిషను మాత్రం కూస్తోంది. ఈసారి కూడా నచ్చలేదేమో, నిద్రపోయిందేమో, ఫోన్ పక్కన పడిపోయిందేమో. అతను అడగలేదు. ఎదురుచూశాడు.

"అండీ," అంది పార్వతి చాలాసేపటికి. "ఆదివారం మీ కళ్లజోడు దొరికిందా మరి?"

"దొరికిందమ్మా," అన్నాడు అప్పలసూరి. "తను పెట్టే గూట్లోనే ఉంది. తను పోయాక కూడా నాను అక్కడే పెడతన్నాను."

"ఊఁ," అంది పార్వతి.